హెల్సింకీ నడిబొడ్డున హోటల్‌లో హాయిగా ఉండాలంటే: బుకింగ్ నుంచి చెక్ అవుట్ దాకా

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ సిటీ సెంటర్‌లో ఓ మంచి హోటల్ గదికి రాత్రికి పది పదిహేను వేల రూపాయలు మామూలే, ఏదైనా పెద్ద కాన్ఫరెన్స్ ఉన్న వారమైతే ఇంకా పైకి పోతుంది. అంత డబ్బు కట్టి ఆ గదిని పడుకోవడానికి మాత్రమే వాడుకుని వచ్చేస్తే నాకు ప్రాణం ఒప్పదు. ఎందుకంటే ఆ రేటులో మంచం ఒక్కటే లేదు. చాలా చోట్ల కడుపు నిండా బ్రేక్‌ఫాస్ట్ ఉంటుంది, సాయంత్రం సౌనా, అంటే వేడి ఆవిరి గది ఉంటుంది, బస్సు ఎక్కకుండా సగం ఊరు నడిచి చూసే వీలు ఉంటుంది. ఈ మూడూ పూర్తిగా వాడుకుంటే ఖర్చు గిట్టుబాటు అవుతుంది, లేకపోతే అవదు. అందుకే ఆఫీసు పని మీద వెళ్తున్నవాళ్లకీ, పిల్లల దగ్గరికి వెళ్తూ మధ్యలో ఆగే తల్లిదండ్రులకీ, మొదటిసారి ఉత్తర ఐరోపా చూద్దామనుకునే జంటలకీ పనికొచ్చేలా మొదటి నుంచీ వరుసగా చెప్తాను.

1. ముందు రైల్వే స్టేషన్‌ని మ్యాప్‌లో పెట్టుకోండి

హోటల్ స్టార్లు తర్వాత చూద్దురు గానీ, ముందు హెల్సింకీ సెంట్రల్ రైల్వే స్టేషన్ ఎక్కడుందో చూడండి. ఎలియెల్ సారినెన్ డిజైన్ చేసిన కట్టడం అది, 1919లో తెరిచారు, గుమ్మానికి రెండు పక్కలా గుండ్రటి దీపాలు పట్టుకున్న పెద్ద రాతి విగ్రహాలు ఉంటాయి. ఎయిర్‌పోర్ట్ రైలు ఇక్కడికే వస్తుంది, మెట్రో దీని కిందే, ట్రాములు దీని ముందే. అక్కడి నుంచి నడిచి పది నిమిషాల లోపు ఉన్న హోటళ్లలో వెతికితే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

ఆ పది నిమిషాల లోపల కూడా తేడాలున్నాయి. స్టేషన్ చుట్టుపక్కల అయితే సామాను లాగే పని ఉండదు. పడమర వైపు కంప్పి, అక్కడ పెద్ద షాపింగ్ సెంటర్ కింద దూరప్రాంత బస్సుల స్టేషన్ ఉంది, తుర్కు, తాంపెరె లాంటి వేరే ఊళ్ల వైపు బస్సులో వెళ్లే ఆలోచన ఉంటే అది అనువు. దక్షిణాన ఎస్ప్లనాది, మధ్యలో పార్కు ఉన్న అందమైన వీధి, దాని చివరే సముద్రం ఒడ్డున కౌప్పతోరి అనే మార్కెట్ స్క్వేర్. రేటు కూడా ఆ అందానికి తగ్గట్టే ఉంటుంది.

పాత కట్టడాల మీద ఇష్టం ఉంటే ఈ ఊళ్లో మంచి ఎంపికలే ఉన్నాయి. ఎస్ప్లనాదిలోని కాంప్ హోటల్ 1887 నాటిది, తోర్ని 1931లో కట్టింది, స్టేషన్ ఎదురుగా ఉన్న వాకునా 1952 ఒలింపిక్స్ నాటిది. స్టేషన్‌ని ఆనుకుని ఉన్న పాత రైల్వే ఆఫీసు భవనాన్ని కూడా ఈమధ్యే హోటల్‌గా మార్చారు. నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లు ఊరి చివర చవక గది తీసుకుని రోజూ రైల్లో రావడం కంటే, చిన్నదైనా సెంటర్‌లో గది తీసుకోవడమే నయం. మధ్యాహ్నం కాళ్లు నొప్పెడితే గదికొచ్చి గంటసేపు పడుకుని మళ్లీ వెళ్లొచ్చు, చలికాలంలో ఆ గంట విలువ ఇంకా ఎక్కువ.

సెంటర్‌లో ఒక్కటే ఇబ్బంది, చప్పుడు. ట్రాములు తెల్లవారకముందే మొదలవుతాయి, శుక్ర, శనివారాల రాత్రి బార్ల నుంచి వచ్చేవాళ్ల గోల ఉంటుంది. బుక్ చేయగానే హోటల్‌కి ఒక చిన్న ఈమెయిల్ పెట్టి, వీధి వైపు కాకుండా లోపలి ఆవరణ వైపు గది, వీలైతే పై అంతస్తులో ఇవ్వమని అడగండి. గ్యారంటీ ఇవ్వరు గానీ అడిగితే చాలావరకు ప్రయత్నిస్తారు.

2. తేదీ చూసి బుక్ చేయండి

ఇక్కడి సెంటర్ హోటళ్లలో చాలావాటికి ఆఫీసు పని మీద వచ్చేవాళ్లే ప్రధాన కస్టమర్లు. కాబట్టి సోమ నుంచి గురువారం దాకా ఉండే రేటు వీకెండ్‌లో తగ్గడం తరచుగా కనిపిస్తుంది. నవంబర్‌లో స్లష్ అనే పెద్ద స్టార్టప్ సదస్సు జరుగుతుంది, ఆ రోజుల్లో గదులు దొరకడమే కష్టం, మీ పని దానికి సంబంధించింది కాకపోతే ఆ వారం తప్పించండి.

జూన్ 20, 26 మధ్య వచ్చే శనివారం యుహన్నుస్, అంటే నడి వేసవి పండుగ. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఆ వీకెండ్‌కి హెల్సింకీ ఖాళీ అవుతుంది, జనమంతా సరస్సుల పక్కన వేసవి ఇళ్లకి వెళ్లిపోతారు, షాపులూ రెస్టారెంట్లూ చాలా మూతపడతాయి. ప్రశాంతత కావాలనుకునేవాళ్లకి బాగుంటుంది, సందడి కోసం వెళ్లేవాళ్లు నిరాశపడతారు. క్రిస్మస్ 24, 25 తేదీల్లో కూడా ఇదే పరిస్థితి. దానికి పూర్తి విరుద్ధం ఏప్రిల్ 30 సాయంత్రం, మర్నాటి వప్పు (మే డే) పండుగ కోసం వేలమంది ఎస్ప్లనాది దగ్గర చేరతారు, ఆ రాత్రి అటువైపు గదిలో నిద్ర ఆశించకండి.

మన పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) తప్పనిసరి కాబట్టి బుకింగ్ ఎప్పుడూ ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రకమే తీసుకోండి. వీసా రాకముందే డబ్బు తిరిగి రాని రేటు తీసుకోవడం వందల యూరోలతో ఆడుకోవడమే. బుకింగ్ కాగితం మీద ప్రయాణించే అందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఒక్క రాత్రి కూడా ఖాళీ లేకుండా తేదీలు కలవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి ఉండాలన్నది షెంగెన్ నియమం. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరి పదిహేను రోజుల దాకా లాగకండి.

డబ్బు కట్టే ముందు మూడు విషయాలు చదవండి. బ్రేక్‌ఫాస్ట్ కలిసి ఉందా, సౌనా అందరికీ ఉచితమా, గది ఎన్ని చదరపు మీటర్లు. సింగిల్ రూమ్ అని రాసి ఉంటే అది నిజంగా ఒక్కరికే, పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండని గదులు కూడా ఉంటాయి. ఇద్దరు మనుషులు, రెండు పెద్ద పెట్టెలు అంటే 18 చదరపు మీటర్ల కంటే తక్కువ తీసుకోవద్దని నా సలహా.

3. బయలుదేరే ముందు

ప్లగ్గులు అక్కడ గుండ్రటి రెండు పిన్నులవి, 230 వోల్టులే. మన సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ సాధారణంగా పట్టేస్తుంది, లాప్‌టాప్ మూడు పిన్నులది పట్టదు, దానికి అడాప్టర్ మన దగ్గరే కొనుక్కోండి.

కార్డు సంగతి ముఖ్యం. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి, యాప్‌లో ఆ పని ఎక్కే ముందే చేసేయండి. హోటల్‌లో చెక్ ఇన్ అప్పుడు కార్డు మీద కొంత మొత్తం పట్టి ఉంచుతారు, అది తర్వాత వదిలేస్తారు గానీ కొన్ని రోజులు పట్టొచ్చు. ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు ఇస్తే మీ ఖర్చుల డబ్బే అందులో ఇరుక్కుంటుంది, అందుకే ఆ పనికి క్రెడిట్ కార్డు ఇవ్వండి. మెషిన్ మీద యూరోలా రూపాయలా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

ఇక అందరూ అడిగేది, పచ్చళ్లు తీసుకెళ్లొచ్చా అని. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి లాంటివి సీల్ చేసి చెక్ ఇన్ లగేజీలో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, పెరుగు, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, ఐరోపా సమాఖ్య బయటి నుంచి పాల ఉత్పత్తులూ మాంసమూ ప్రయాణికులు తేకూడదని నిబంధన. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరవు. గదిలో వండే ఆలోచన పెట్టుకోకండి. పొగకీ, ఒక్కోసారి ఆవిరికీ కూడా అలారం మోగితే హోటల్ మొత్తం కిందికి దిగాల్సి వస్తుంది, ఆ ఖర్చు మీ మీద పడొచ్చు.

4. ఎయిర్‌పోర్ట్ నుంచి గది దాకా

టాక్సీ అవసరం లేదు. విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, 2015లో మొదలైన లైను అది. ఐ అక్షరం రైలు, పి అక్షరం రైలు, ఏదెక్కినా సిటీకే వస్తాయి, అరగంట అటూ ఇటూ. ఒకటి తూర్పు నుంచి, ఇంకోటి పడమర నుంచి చుట్టి వస్తుంది, అంతే తేడా. టికెట్ ఏబీసీ మూడు జోన్లకీ తీసుకోవాలి, ఎయిర్‌పోర్ట్ సీ జోన్‌లో ఉంది. మెషిన్ దగ్గర గానీ హెచ్ఎస్ఎల్ (అక్కడి రవాణా సంస్థ) యాప్‌లో గానీ కొనండి. స్టేషన్‌లో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు, కానీ తనిఖీ వాళ్లు రైల్లోకి వస్తారు, టికెట్ లేకపోతే పెద్ద జరిమానా. టికెట్ గడువు ఉన్నంతసేపు ట్రాము, మెట్రో కూడా ఎక్కొచ్చు.

స్టేషన్ నుంచి హోటల్‌కి నడిచేటప్పుడు ఒక మాట, పాత వీధులు రాళ్లు పరిచినవి, చిన్న చక్రాల పెట్టె వాటి మీద మొరాయిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా పేవ్‌మెంట్ మీద మంచు గడ్డకట్టి గాజులా ఉంటుంది, జారని అడుగున్న బూట్లు లేకుండా దిగొద్దు. పై కప్పుల నుంచి మంచు తోసేటప్పుడు కింద పేవ్‌మెంట్‌కి అడ్డంగా కర్రలో తాడో పెడతారు, దాటి వెళ్లకండి.

5. చెక్ ఇన్

సాధారణంగా మధ్యాహ్నం మూడింటికి గది ఇస్తారు. ముందే వస్తే పెట్టెలు రిసెప్షన్‌లో పెట్టి తిరిగి రావచ్చు. పాస్‌పోర్టు అడుగుతారు, చట్టప్రకారం ప్రయాణికుల ఫారం నింపించుకోవాలి, కంగారు పడాల్సింది లేదు. అక్కడే నిలబడి నాలుగు ప్రశ్నలు అడిగేయండి: బ్రేక్‌ఫాస్ట్ ఎన్నింటి నుంచి, సౌనా టైములేంటి, ఆడవాళ్లకి ఎప్పుడు మగవాళ్లకి ఎప్పుడు, చెక్ అవుట్ ఎన్నింటికి.

అంతస్తుల లెక్క మనకంటే వేరు. వీధి స్థాయినే ఒకటో అంతస్తు అంటారు. మీది మూడో అంతస్తు అంటే మన లెక్కలో రెండో అంతస్తే. సామాను మోసేవాళ్లు మామూలు హోటళ్లలో ఉండరు, టిప్పు ఇవ్వాల్సిన పని కూడా లేదు.

6. గదిలో

మనవాళ్లు ఐరోపా ప్రయాణం అనగానే మొదట భయపడేది బాత్‌రూమ్ గురించి. ఫిన్లాండ్‌లో ఆ భయం చాలావరకు లేదు. టాయిలెట్ పక్కనే, వాష్ బేసిన్ కుళాయికి తగిలించి, చేత్తో పట్టుకునే చిన్న షవర్ ఇళ్లలోనూ హోటళ్లలోనూ ఎక్కువగా ఉంటుంది. బేసిన్ కుళాయి తెరిచాకే అందులో నీళ్లొస్తాయి, వాడాక కుళాయి కట్టేయడం మర్చిపోకండి. స్నానం చేశాక నీళ్లు లాగేయడానికి గోడకి ఓ రబ్బరు పట్టీ కర్ర వేలాడుతుంటే అది మనకోసమే, ఒకసారి లాగితే నేల ఆరిపోతుంది.

మంచినీళ్ల బాటిల్ కొనకండి. ఈ ఊరి కుళాయి నీళ్లు పాయన్నె అనే పెద్ద సరస్సు నుంచి, రాతిలో తొలిచిన 120 కిలోమీటర్ల సొరంగంలో వస్తాయి. చల్లటి కుళాయి తిప్పి గ్లాసు పట్టుకుని తాగండి, అంత రుచిగా ఉంటాయి. వేడినీళ్ల కుళాయి నుంచి మాత్రం తాగొద్దు.

డబుల్ బెడ్ అన్నా రెండు పరుపులు దగ్గరికి జరిపి, ఇద్దరికీ చెరో దుప్పటి ఇస్తారు, అది అక్కడి పద్ధతి. జూన్ చివర్లో సూర్యుడు రాత్రి పదకొండుకి కాస్త ముందు అస్తమించి తెల్లవారుజామున నాలుగింటికే వచ్చేస్తాడు, కర్టెన్ సందులు లేకుండా మూయండి, కళ్లకి కట్టుకునే గంతలు ఉంటే ఇంకా మంచిది. డిసెంబర్‌లో తొమ్మిదిన్నర దగ్గర తెల్లవారి మూడుంపావుకి చీకటి పడుతుంది. గది లోపల చలి ఉండదు, గాలి మాత్రం పొడిగా ఉంటుంది, పెదాలకి వ్యాజ్‌లైన్, చేతులకి క్రీము పెట్టుకెళ్లండి. మనకీ వాళ్లకీ టైము తేడా వేసవిలో రెండున్నర గంటలు, చలికాలంలో మూడున్నర, కాబట్టి మొదటి రోజు పెందలాడే మెలకువ వస్తుంది. దాన్ని వాడుకోండి, బ్రేక్‌ఫాస్ట్ మొదలవగానే దిగిపోండి.

7. బ్రేక్‌ఫాస్ట్

బయట తినడం ఖరీదైన ఊరు కాబట్టి ఈ పూట గట్టిగా తినాలి. బఫే కాబట్టి ఎంతైనా పెట్టుకోవచ్చు, టైము వీకెండ్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది.

ముందు కర్యాలన్‌పీరక్క వెతకండి. రై అనే ధాన్యం పిండితో చేసిన పల్చటి రేకులో పాలతో ఉడికించిన అన్నం పెట్టి కాల్చింది, చూడటానికి చిన్న పడవలా ఉంటుంది. పైన ఉడికించిన గుడ్డు, వెన్న కలిపిన ముద్ద రాసుకుని తింటారు. గుడ్డు తినకపోతే ఉత్త వెన్నతో తినండి. మన నాలుకకి చప్పగా అనిపిస్తే చిటికెడు కారప్పొడి చల్లుకోండి, పొద్దున్నే అన్నం తిన్న తృప్తి ఉంటుంది. పూరో అనేది ఓట్స్ జావ, దాని మీద బ్లూబెర్రీలు, లింగన్‌బెర్రీలు వేసుకోండి. రై బ్రెడ్ నల్లగా, పుల్లగా, గట్టిగా ఉంటుంది, మొదటి రోజు నచ్చకపోయినా మర్నాడు మళ్లీ ప్రయత్నించండి. చేపలు తినేవాళ్లకి ఉప్పులో ఊరేసిన సాల్మన్ ఉంటే అదే నా మొదటి ఓటు.

శాకాహారులు ఈ అక్షరాలు గుర్తుపెట్టుకోవాలి. గిన్నె ముందు ఎల్ అని ఉంటే లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేనిది, వీఎల్ అంటే లాక్టోజ్ తక్కువది, ఎం అంటే పాలు లేనిది, జీ అంటే గ్లూటెన్ (గోధుమ లాంటి ధాన్యాల్లోని ప్రోటీన్) లేనిది. వీఎల్ చూసి వెజ్ అనుకుని పెట్టుకుంటే మాంసం కూడా కావొచ్చు. కస్విస్ అని ఉంటే శాకాహారం, లిహ మాంసం, నౌతా గొడ్డు మాంసం, సిక లేదా పోస్సు పంది, కన కోడి, కల చేప, మున గుడ్డు. అనుమానం ఉంటే అడగండి, ఇంగ్లీషు అందరికీ వచ్చు, విసుక్కోకుండా చెప్తారు.

కాఫీ పల్చటి ఫిల్టర్ కాఫీ, ఎన్ని కప్పులైనా తాగొచ్చు. మన టీ కావాలంటే వేడిపాలు అడిగి తీసుకోండి. బఫే నుంచి మధ్యాహ్నానికి బాక్సు కట్టుకోవడం మాత్రం మర్యాద కాదు, అలా చేయకండి. వీడియో కాల్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడటం కూడా అక్కడ బాగోదు, హాలు మొత్తం నిశ్శబ్దంగా తింటూ ఉంటుంది.

8. సౌనా, దయచేసి వదులుకోకండి

మనవాళ్లలో ఎక్కువమంది సిగ్గుతో వదిలేసేది ఇదే. ఫిన్లాండ్ సౌనా సంప్రదాయాన్ని 2020లో యునెస్కో గుర్తించింది, అక్కడివాళ్లకి ఇది వారంలో భాగం. రోజంతా చలిలో తిరిగొచ్చాక ఒక్క అరగంట అందులో కూర్చుంటే ఒళ్లు తేలికపడి పట్టే నిద్ర వేరు.

హోటల్ సౌనాలు సాధారణంగా ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా ఉంటాయి, లేదా ఒకే సౌనాకి వేర్వేరు టైములు ఉంటాయి. తలుపు మీద ఎం అంటే మగవాళ్లు, ఎన్ అంటే ఆడవాళ్లు. లోపల బట్టలు లేకుండా కూర్చోవడమే పద్ధతి, ఎవరూ ఎవర్నీ చూడరు. మీకు ఇబ్బందైతే టవల్ చుట్టుకోండి, దానికెవరూ ఏమీ అనరు. అసలే కుదరదనుకుంటే సొంత సౌనా ఉన్న గదులు కొన్ని హోటళ్లలో దొరుకుతాయి, బుకింగ్ అప్పుడే చూసుకోండి.

ముందు నగలు తీసి గదిలో పెట్టండి. గొలుసు, గాజులు, వెండి మొలతాడు, అన్నీ వేడెక్కి చర్మం కాలుస్తాయి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే కింది మెట్టు మీద కూర్చుని దాని కింద తడి గుడ్డ పెట్టుకోండి. తర్వాత షవర్ కింద సబ్బుతో శుభ్రంగా స్నానం చేయాలి, చేయకుండా లోపలికి వెళ్లడం తప్పు. బల్ల మీద టవల్ పరుచుకుని దాని మీద కూర్చోవాలి. పై మెట్టు బాగా వేడి, కొత్తవాళ్లు కింద నుంచి మొదలుపెట్టండి. పొయ్యి మీద రాళ్లుంటాయి, గరిటెతో నీళ్లు పోస్తే వచ్చే ఆవిరిని లోయ్లు అంటారు. వేరేవాళ్లు ఉంటే పోసేముందు అడగండి, అడిగితే చాలా సంతోషిస్తారు, మాటలు కూడా అప్పుడే కలుస్తాయి.

ఎనభై డిగ్రీల దగ్గర ఉండే వేడి అది. అయిదు, పది నిమిషాలకి బయటికొచ్చి చల్లబడి నీళ్లు తాగి, మళ్లీ వెళ్లొచ్చు. కళ్లు తిరిగినట్టుంటే ఆ క్షణమే బయటికి వచ్చేయాలి, ఓర్చుకోవడం గొప్ప కాదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లూ గర్భిణులూ డాక్టర్‌ని అడగకుండా వెళ్లొద్దు. మద్యం తాగి అసలే వద్దు.

9. మధ్యాహ్నం, రాత్రి భోజనం

పని రోజుల్లో పదకొండు నుంచి రెండు దాకా రెస్టారెంట్లలో లౌనాస్ అనే మధ్యాహ్న భోజనం ఉంటుంది, రాత్రి ధరతో పోలిస్తే చాలా తక్కువ. ఈ ఊళ్లో నేపాలీ రెస్టారెంట్లు చాలా ఉన్నాయి, పప్పు, అన్నం, పనీర్ కూర దొరుకుతాయి, కారం ఎక్కువ కావాలని నోరు తెరిచి అడగండి, లేకపోతే చప్పగా చేస్తారు. రాత్రికి సూపర్ మార్కెట్‌లో ఉత్త పెరుగు, బ్రెడ్, పండ్లు తెచ్చుకుని గదిలో తినేయడం మంచి పద్ధతి. తీపి లేని పెరుగు కావాలంటే డబ్బా మీద మౌస్తమతోన్ అని ఉందో లేదో చూడండి.

10. చివరి రోజు

చెక్ అవుట్ పదకొండుకో పన్నెండుకో ఉంటుంది, విమానం రాత్రికైతే పెట్టెలు హోటల్‌లోనే వదిలేయండి, మామూలుగా డబ్బు తీసుకోరు. కౌప్పతోరి నుంచి సుఒమెన్‌లిన్నా కోట దీవికి పడవ పావుగంటే, హెచ్ఎస్ఎల్ టికెట్ దానికీ చెల్లుతుంది. వర్షమో మంచో పడుతుంటే స్టేషన్ దగ్గరే ఉన్న ఓది లైబ్రరీకి వెళ్లండి, 2018లో తెరిచారు, ప్రవేశం ఉచితం, పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చార్జ్ చేసుకోవచ్చు, శుభ్రమైన టాయిలెట్లు ఉన్నాయి. వెళ్లే ముందు హోటల్ బిల్లు ఒకసారి చదివి, మినీబార్ లాంటివి తప్పుగా పడితే కౌంటర్ దగ్గరే తీయించండి. తర్వాత పెట్టెలు తీసుకుని ఐ గానీ పి గానీ ఎక్కండి, విమానానికి మూడు గంటల ముందు బయలుదేరితే చాలు.